సన్న వైరు తొక్క తీయడం: పోగు తెగకుండా చేతి స్ట్రిప్పర్ వాడటం ఎలా?

"ఇంటి వైరింగ్‌కి ఈ స్ట్రిప్పర్ బాగానే పనిచేస్తోంది. సెన్సర్ వైరు పెడితే మాత్రం తొక్కతో పాటు రాగి కూడా ఊడి వచ్చేస్తోంది అన్నా, ఏం చేయాలి?" ఈ మాట తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అడిగేవాళ్లలో ఎక్కువమంది బెంగళూరులో పీజీల్లో ఉంటూ, వారమంతా ఆఫీసు చేసుకుని శని, ఆదివారాల్లో ఆర్డుయినో, ఈఎస్‌పీ32 బోర్డులతో కుస్తీ పట్టేవాళ్లే. చెప్పే జవాబు ప్రతిసారీ ఒకటే కాబట్టి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. సన్న వైరు దగ్గర చేతి నేర్పు రెండో విషయం, గాడి (స్ట్రిప్పర్ దవడల్లో వైరు కూర్చునే గుండ్రటి కోత) సైజు మొదటి విషయం. గాడి కుదిరితే కొత్త చెయ్యి కూడా శుభ్రంగా తీస్తుంది. కుదరకపోతే ఏళ్ల తరబడి ఇదే పని చేసిన మెకానిక్ చేతిలోనూ పోగులు తెగుతాయి. స్ట్రిప్పర్ మీద చెక్కిన అంకె ఆ గాడిని వెతకడానికి దారి చూపుతుంది, అంతే. సరైనదో కాదో తేల్చేది మీ చేతిలో ఉన్న వైరు ముక్కే.

సన్నం అంటే ఎంత సన్నం?

ఎలక్ట్రానిక్స్ వైర్లకు అమెరికన్ గేజ్ లెక్క, అంటే ఏడబ్ల్యూజీ నడుస్తుంది. నంబరు పెరిగే కొద్దీ వైరు సన్నబడుతుంది. సింగిల్ స్ట్రాండ్ వైరులో, అంటే లోపల ఒకే తీగ ఉండే వైరులో, రాగి మందం ఇలా ఉంటుంది:

- 22 గేజ్: 0.64 మి.మీ. బ్రెడ్‌బోర్డుకు (సోల్డర్ లేకుండా వైర్లు గుచ్చే బోర్డు) వాడే గట్టి వైరు.
- 24 గేజ్: 0.51 మి.మీ. లాన్ కేబుల్ లోపల మెలితిప్పి ఉండే జతలు ఎక్కువగా ఇదే.
- 26 గేజ్: 0.40 మి.మీ.
- 28 గేజ్: 0.32 మి.మీ. రిబ్బన్ కేబుల్ సైజు ఇది.
- 30 గేజ్: 0.25 మి.మీ. బోర్డు మీద ట్రాక్ తెగితే జంపర్ వేసే వైరు.

ఇంటి వైరింగ్ స్ట్రిప్పర్లు మామూలుగా 0.5 స్క్వేర్ ఎంఎం దగ్గర మొదలవుతాయి. అది దాదాపు 20 గేజ్‌కు సమానం. అంటే మీ సెన్సర్ వైరు ఆ టూల్‌కి అందనే అందదు. దాంతో మనం పక్కనున్న కటింగ్ అంచుతో అందాజుగా నొక్కుతాం, రాగి తెగుతుంది.

మల్టీ స్ట్రాండ్ వైరుకు ఇంకో చిక్కు ఉంది. ఏడు పోగులు కలిపిన కట్ట, అదే గేజ్ ఒంటి తీగ కంటే కాస్త లావుగా ఉంటుంది. 28 గేజ్ ఒంటి తీగ 0.32 మి.మీ. అయితే, అదే 28 గేజ్ ఏడు పోగుల కట్ట దాదాపు 0.38 మి.మీ. వస్తుంది. కొన్ని స్ట్రిప్పర్ల మీద దవడకు ఒక పక్క సాలిడ్ (ఒంటి తీగ) అంకెలు, ఇంకో పక్క స్ట్రాండెడ్ (పోగుల కట్ట) అంకెలు ఉండేది ఇందుకే. ఒకే వరుస అంకెలుండి, అవి సాలిడ్‌వి అయితే, మల్టీ స్ట్రాండ్ వైరుకు ఒక మెట్టు పెద్ద గాడి వాడండి: 28కి 26 గాడి, 26కి 24 గాడి. వచ్చే ఫిర్యాదుల్లో సగం ఈ ఒక్క మార్పుతో తీరిపోతాయి.

షాపులో 7/36 లాంటి పేర్లు వినిపిస్తే కూడా జాగ్రత్త. 36 నంబరు పోగులు ఏడు అని దాని అర్థం. కానీ ఆ 36 ఏ లెక్కలోది? పాత బ్రిటిష్ ఎస్‌డబ్ల్యూజీ లెక్కలో అయితే ఒక్కో పోగు 0.19 మి.మీ., ఏడూ కలిస్తే దాదాపు 24 ఏడబ్ల్యూజీ. అమెరికన్ లెక్కలో అయితే ఒక్కో పోగు 0.127 మి.మీ., ఏడూ కలిస్తే 28 ఏడబ్ల్యూజీ. పేరు ఒకటే, స్ట్రిప్పర్ మీద రెండు గాడుల తేడా. అందుకే పేరు విని గాడి ఎంచుకోవద్దు.

కావలసినవి

- 20 నుంచి 30 గేజ్ దాకా విడివిడి గాడులున్న చేతి స్ట్రిప్పర్. ప్యాకెట్ మీద కాదు, దవడ మీద చెక్కిన అంకెలు చూసి కొనండి. 10 నుంచి 22 అని ఉన్నది ఎంత మంచి కంపెనీదైనా ఈ పనికి రాదు.
- మీరు వాడబోయే వైరుదే ఒక జానెడు వృథా ముక్క. ఇది లేకుండా మొదలుపెట్టొద్దు.
- చివర్లు నున్నగా కత్తిరించే చిన్న నిప్పర్.
- భూతద్దం. లేకపోతే ఫోన్ కెమెరా జూమ్ చాలు.
- స్కేలు. వెర్నియర్ ఉంటే మరీ మంచిది.
- బీప్ కొట్టే మల్టీమీటర్.
- కళ్లకు ఏదో ఒక కళ్లజోడు. కత్తిరించిన రాగి ముక్క ఎటు ఎగురుతుందో తెలీదు.

బెంగళూరులో ఉన్నవాళ్లు ఎలక్ట్రానిక్స్ షాపులుండే ఎస్పీ రోడ్‌కి వెళ్లి కొనుక్కోవడమే మంచిదని నా అభిప్రాయం. చిక్కపేట మెట్రోలో దిగితే నడిచి వెళ్లొచ్చు. ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయి కాబట్టి శనివారం పెట్టుకోండి. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొంటే దవడ ఎలా కూర్చుందో తెలీదు. షాపులో చేతికిచ్చి చూడనిస్తారు. వైరు ముక్క ఒకటి జేబులో వేసుకెళ్లండి, "ఒకసారి తీసి చూస్తాను" అంటే ఎవరూ కాదనరు. దవడలు మూసి ట్యూబ్‌లైట్ కేసి పట్టుకోండి: గాడుల్లోంచి తప్ప ఇంకెక్కడా వెలుగు కనపడకూడదు. పిడులు పట్టుకుని పక్కలకు ఊపండి. దవడలు ఒకదాని మీద ఒకటి జారితే అది వద్దు. మూసినప్పుడు పై సగం, కింది సగం కలిసి నిండు గుండ్రంగా కనపడని గాడి ఎప్పటికీ ఒక పక్కే కోస్తుంది.

ఏ రకం స్ట్రిప్పర్?

విడివిడి గాడులున్నది మొదటి ఎంపిక. పైన చెప్పింది అదే.

రెండోది, ఒకే వీ ఆకారపు గాడి, పక్కన స్క్రూ ఉండే చవక రకం. టపారియా, మల్టీటెక్ లాంటి పేర్లతో ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. దీన్ని తీసిపారేయకండి. స్క్రూ ఓపిగ్గా సెట్ చేసుకుంటే 26 గేజ్ దాకా బాగానే తీస్తుంది. 28 కూడా తీస్తుంది కానీ, సెట్టింగ్‌లో ఇసుమంత తేడా వచ్చినా పోగులు పోతాయి. ఒకే రకం వైరు వందల ముక్కలు తీయాలనుకోండి, ఒకసారి సెట్ చేసి వదిలేయొచ్చు, అది దీని సుఖం.

మూడోది, పిడి నొక్కగానే పట్టుకుని, కోసి, లాగేసే ఆటోమేటిక్ రకం. వీడియోల్లో చూడటానికి ముచ్చటగా ఉంటుంది. సన్న వైరుకు మాత్రం నేను సిఫారసు చేయను. 24 గేజ్ దాటాక చాలా మోడళ్లు తొక్కను సరిగ్గా పట్టలేక జారతాయి, లేదా పట్టు పళ్లతో తొక్కను చితక్కొడతాయి.

30 గేజ్ ఒక్కటే వాడేవాళ్లకు, వైర్ ర్యాపింగ్ టూల్ పిడిలో ఉండే చిన్న చీలిక బ్లేడు కూడా ఒక దారి. వైరును చీలికలో పెట్టి లాగడమే పని. ఆ ఒక్క సైజుకు దాన్ని మించింది లేదు, ఇంకో సైజుకు అది పనికిరాదు.

పని మొదలు

1. కరెంటు తీసేయండి. అడాప్టర్ పీకండి, యూఎస్‌బీ తీయండి. బ్యాటరీ వైర్లయితే ఇంకో నియమం ఉంది: లిథియం బ్యాటరీకి ఉన్న ఎరుపు, నలుపు వైర్లను ఎప్పుడూ కలిపి కత్తిరించకండి, రెండింటి తొక్కా ఒకేసారి తీయకండి. స్ట్రిప్పర్ దవడ ఇనుపది, రెండు రాగులూ ఒకేసారి తగిలితే షార్ట్ అయ్యి నిప్పులు ఎగుస్తాయి. ఒకటి తీసి, సోల్డర్ చేసి, టేపు చుట్టేశాకే రెండోది ముట్టుకోండి.

2. వైరు సైజు తేల్చుకోండి. తొక్క మీద ముద్రించి ఉంటే అదృష్టం. యూఎస్‌బీ కేబుల్ పైతొడుగు మీద 28ఏడబ్ల్యూజీ, 24ఏడబ్ల్యూజీ అని రెండు అంకెలుంటే, మొదటిది డేటా జతది, రెండోది పవర్ జతది. ఏమీ రాసి లేకపోతే, సింగిల్ స్ట్రాండ్ వైరు కొంత ముక్క తొక్క తీసి, రాగిని పెన్ను చుట్టూ పది చుట్లు సందు లేకుండా చుట్టి, ఆ పది చుట్ల వెడల్పు స్కేలుతో కొలవండి. 5 మి.మీ. వస్తే 24 గేజ్, 2.5 వస్తే 30 గేజ్. మల్టీ స్ట్రాండ్‌కి ఈ చిట్కా కుదరదు, మూడో మెట్టులోనే తేల్చుకోవాలి.

3. వృథా ముక్క మీద పెద్ద గాడితో మొదలెట్టండి. ఎక్కువమంది తలకిందులుగా చేసేది ఇక్కడే. చిన్న గాడితో మొదలెట్టి, తెగితే పెద్దదానికి వెళ్తారు. మీరు అనుకున్న సైజు కంటే రెండు మెట్లు పెద్ద గాడిలో పెట్టి లాగండి. తొక్క రాదు, జారుతుంది. ఒక మెట్టు తగ్గించండి. కొంచెం గీత పడి సాగుతుంది. ఇంకో మెట్టు తగ్గించండి. తొక్క టక్కున తెగి గొట్టంలా జారి వచ్చేసిన గాడే మీది. దానికంటే చిన్నదానికి వెళ్లాల్సిన అవసరం లేదు. వీ గాడి రకమైతే ఇదే పని స్క్రూతో: దవడ కాస్త తెరుచుకుని ఉండేలా బిగించి, ప్రతిసారీ కొద్దికొద్దిగా మూస్తూ రండి. కుదిరిన గాడి దగ్గర మార్కర్‌తో చుక్క పెట్టుకోండి, మళ్లీ వెతుక్కునే పని ఉండదు.

4. ఎంత పొడవు తీయాలో ముందే అనుకోండి. బ్రెడ్‌బోర్డుకు 7, 8 మి.మీ. కావాలి. తక్కువైతే లోపలి క్లిప్పుకు అందదు, ఎక్కువైతే పక్క పిన్నుకు తగులుతుంది. మామూలు పీసీబీ (సర్క్యూట్ బోర్డు) 1.6 మి.మీ. మందం ఉంటుంది కాబట్టి రంధ్రంలోకి 3, 4 చాలు. స్క్రూ టెర్మినల్‌కి 5, 6. డ్యూపాంట్, జేఎస్‌టీ లాంటి చిన్న క్రింప్ పిన్నులకు (వైరు మీద నొక్కి బిగించేవి) 2 నుంచి 2.5 మాత్రమే. అంత తక్కువ తీయడం కష్టమనిపిస్తే 5 తీసి, తర్వాత నిప్పర్‌తో తగ్గించుకోండి. సన్న వైరుకు నేను చెప్పేది ఎప్పుడూ ఇదే, ఎక్కువ తీసి తగ్గించడం.

5. వైరు పట్టుకోవడం. ఎడమ చేతిలో, స్ట్రిప్పర్‌కి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గర పట్టుకోండి. దూరంగా పట్టుకుంటే వైరు వంగి గాడి అంచుకు ఒరుసుకుంటుంది. చేతికి జారుతుంటే చూపుడు వేలికి ఒక చుట్టు చుట్టండి. వైరు దవడకు అడ్డంగా, నిటారు కోణంలో ఉండాలి. ఏటవాలుగా ఉంటే ఒక పక్క తొక్క మిగులుతుంది, రెండో పక్క రాగి గీరుకుంటుంది.

6. మూయండి, పిండొద్దు. దవడలు పూర్తిగా కలిసే దాకా నొక్కండి. కలిశాక ఇంకా బలం పెట్టి లాభం లేదు. కోయాల్సింది గాడి. తొక్క గట్టిదైతే మూసి ఉంచే టూల్‌ని అటు పావు వంతు, ఇటు పావు వంతు తిప్పండి. చుట్టూ గిరగిరా తిప్పొద్దు, ఆ తిప్పుడుకే రాగి మీద ఉంగరంలా గాటు పడుతుంది. వీ గాడి రకంలో మాత్రం నాలుగు చోట్లే కోస్తుంది కాబట్టి ఒకసారి నొక్కి, తెరిచి, వైరు పావు తిప్పి మళ్లీ నొక్కాలి.

7. లాగొద్దు, నెట్టండి. కుడి చేత్తో టూల్‌ని ఒక్క గుంజు గుంజితే సన్న పోగులు సాగి తెగుతాయి. వైరు పట్టుకున్న ఎడమ చేతి బొటనవేలును స్ట్రిప్పర్ దవడ పక్కన ఆనించి, ఆ వేలితో టూల్‌ని వైరు చివరి వైపు మెల్లగా నెట్టండి. కదలిక మొత్తం మీ అదుపులో ఉంటుంది.

8. మల్టీ స్ట్రాండ్‌లో తొక్క పూర్తిగా ఊడదీయకండి. సగం దూరం జరిపి ఆపండి. చివర్లో ఇంకా తొక్క గొట్టం ఉంటుంది, మధ్యలో రాగి కనపడుతుంది. ఇప్పుడు ఆ గొట్టాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, పోగులు అప్పటికే మెలిక తిరిగి ఉన్న వైపుకే ఇంకాస్త తిప్పుతూ బయటికి తీయండి. పోగులు విచ్చుకోకుండా బిగుతుగా వస్తాయి. వేలి జిడ్డు రాగికి అంటదు, సోల్డర్ బాగా పడుతుంది. ఈ ఒక్క అలవాటు చేసుకుంటే విచ్చుకున్న ఒక పోగు పక్క పిన్నుకు తగిలి షార్ట్ అయ్యే టెన్షన్ చాలావరకు పోతుంది.

9. చూడండి. దీని గురించి కింద విడిగా రాశాను. వాడే ముందు చూడాలి, వాడాక కాదు.

10. ఆ తర్వాత. సోల్డర్ చేసే చివరికైతే వెంటనే టిన్నింగ్ చేసేయండి, అంటే రాగికి ముందే సోల్డర్ పూత పట్టించండి. తొక్క దగ్గర వైరు మందమంత ఖాళీ వదిలి ఆపండి. సోల్డర్ తొక్క లోపలికి పాకితే అక్కడ వైరు బిరుసెక్కి, ఊగినప్పుడల్లా అదే చోట విరుగుతుంది. క్రింప్ పిన్నుకు, స్క్రూ టెర్మినల్‌కు వెళ్లే చివరికి టిన్నింగ్ వద్దు. సోల్డర్ మెత్తటి లోహం, ఒత్తిడి కింద నెమ్మదిగా నలిగి పట్టు సడలుతుంది.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు వైరు కాదు, ఊడిన తొక్క ముక్కను చూడండి. దాన్ని తెల్ల కాగితం మీద తట్టండి, లేదా గొట్టంలోంచి వెలుగు కేసి చూడండి. లోపల రాగి వెంట్రుక ఒక్కటి కనపడినా పోగు తెగినట్టే. వైరు వైపు నుంచి లెక్కపెట్టడం కంటే ఇది సులువు, ఎందుకంటే తెగిన పోగు కట్టలో కలిసిపోయి కనపడదు.

తర్వాత భూతద్దం కింద తొక్క అంచు దగ్గర రాగిని చూడండి. సింగిల్ స్ట్రాండ్‌లో మెరిసే ఉంగరం లాంటి గీత ఉంటే గాటు పడినట్టు. తగరం పూత వల్ల వెండి రంగులో ఉండే టిన్డ్ వైరులో ఇది ఇంకా తేలిక: తెల్లటి పోగు మీద ఎర్రటి గీత కనపడితే అది గాటే.

అనుమానం ఉంటే వృథా ముక్క మీద వంపు పరీక్ష చేయండి. తొక్క అంచు దగ్గర రాగిని అటూ ఇటూ మెల్లగా వంచండి. గాటు లేని 24 గేజ్ రాగి కొన్ని వంపులు తట్టుకుంటుంది. గాటున్నది ఒకటి రెండు వంపులకే సరిగ్గా ఆ గీత దగ్గర తుంచినట్టు ఊడుతుంది. అసలు వైరు మీద ఇది చేయొద్దు.

ఒక పోగు పోతే ఏమవుతుంది అని అడుగుతారు. ఐపీసీ అనే ఎలక్ట్రానిక్స్ పరిశ్రమ సంస్థ పనితనపు ప్రమాణాల్లో ఎన్ని పోగులకు ఎన్ని దెబ్బతినొచ్చో పట్టికే ఉంది. ఏడు కంటే తక్కువ పోగులున్న వైరుకు ఆ అంకె సున్నా. మన ఇంటి ప్రాజెక్టుకు ఎవరూ ఇన్‌స్పెక్షన్‌కి రారు కానీ, ఏడు పోగుల వైరులో ఒకటి పోతే ఏడో వంతు రాగి పోయినట్టే. కదలని డబ్బాలో ఉండే వైరైతే వదిలేయొచ్చు. తలుపు సెన్సర్, రోబో చెయ్యి, బండికి కట్టే జీపీఎస్ లాంటి కదిలే చోట అయితే కత్తిరించి మళ్లీ తీయండి. ఇందుకే వైరు ఎప్పుడూ రెండంగుళాలు ఎక్కువ కోసుకోమనేది.

చివరగా మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి, రెండు చివర్లకూ ప్రోబులు తగిలించి, తొక్క తీసిన చోట వైరును ఊపండి. బీప్ తెగి తెగి వస్తే అక్కడ పోగులు సగం విరిగి ఉన్నాయి.

తరచూ కనపడే తప్పులు

తొక్క తెగకుండా చివర తోకలా సాగుతోందా? గాడి ఒక మెట్టు పెద్దది, లేదా బ్లేడు మొద్దుబారింది. కొత్త టూల్ అయితే గాడి, పాతది అయితే బ్లేడు.

తొక్క ఊడకుండా వైరు పొడవునా జారుతోందా? చిన్న ముక్కల్లో ఇలా అవుతుంది. లోపలి రాగే బయటికి వస్తుంది. రెండో చివరను ఒక ముడి వేయండి, లేదా నోస్ ప్లయర్‌తో పట్టుకుని తీయండి. సాధ్యమైతే పొడవు వైరు మీదే తొక్క తీసి, తర్వాత ముక్క కోసుకోండి.

టిన్నింగ్ చేస్తుంటే తొక్క వెనక్కి ముడుచుకుపోతోందా? స్ట్రిప్పర్ తప్పు కాదు. పీవీసీకి వేడి ఎక్కువసేపు తగిలింది. ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటేలా చేసే పదార్థం) రాసి, సోల్డరింగ్ ఐరన్ మొనకు ముందే కాస్త సోల్డర్ తగిలించి, రెండు సెకన్లలో ముగించండి. తొక్క అంచు దగ్గర ఒక క్రొకడైల్ క్లిప్ పెడితే వేడి అది లాగేసుకుంటుంది.

ఎంత జాగ్రత్తగా తీసినా పుటుక్కున విరిగిపోతోందా? వైరునే అనుమానించండి. చవక జంపర్ వైర్లలో రాగి పూత పూసిన అల్యూమినియం, ఒక్కోసారి ఇనుము కూడా ఉంటుంది. పోగును బ్లేడుతో గీరండి. లోపల తెల్లగా ఉంటే పూత సరుకే. ముందే వెండి రంగులో ఉన్న టిన్డ్ వైరైతే పూత కింద ఎర్రగా కనపడాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. ఇలాంటి వైరుతో ఏ టూల్ కొన్నా డబ్బు దండగ.

పళ్లతో లాగడం గురించి ఏం చెప్పను? ఆపండి. పంటి అంచు పోతే దంతవైద్యుడి ఫీజుకు పది స్ట్రిప్పర్లు వస్తాయి.

తొక్కను బట్టి మారేవి

పీవీసీ తొక్క అన్నింటికంటే మంచి మాట వినేది. పైన రాసిందంతా దానికి సరిపోతుంది.

సిలికాన్ వైరు మెత్తగా, చేతికి హాయిగా ఉంటుంది కానీ తొక్క సాగుతుంది. లోపల పోగులు తల వెంట్రుకంత సన్నం: 22 గేజ్ సిలికాన్ వైరులో 0.08 మి.మీ. పోగులు అరవై ఉండటం మామూలు. గాడి ఒక మెట్టు పెద్దది పెట్టి, చుట్టూ పావు తిప్పులతో కోసి, గోటితో తొక్కను చివరికి తోసేయండి. టూల్‌తో లాగితే సాగి, పోగుల్ని కూడా లాక్కెళ్తుంది.

టెఫ్లాన్ తొక్క గట్టిది, జారుడుది. పదునైన గాడి తప్ప దేనికీ లొంగదు. మొద్దు టూల్‌తో దాన్ని పట్టుకుని గుంజితే చివరికి తెగేది రాగే. దాన్ని లైటర్‌తో కాల్చే ఆలోచన అసలు వద్దు, ఆ పొగ ఊపిరితిత్తులకు ప్రమాదం.

30 గేజ్ వైరుకు ఉండే కైనార్ (ఒక రకం ప్లాస్టిక్) తొక్క చాలా పలుచన. రాగి, తొక్క కలిపి అర మిల్లీమీటరే. దీనికి అందాజు పనికిరాదు, కచ్చితంగా 30 గాడి కావాలి.

స్ట్రిప్పర్ చేతిలో లేకపోతే

కొత్త షేవింగ్ బ్లేడు ఉంటే, వైరును టేబుల్ మీద పెట్టి, బ్లేడును బరువు వేయకుండా తొక్క మీద ఆనించి, బ్లేడు కింద వైరును దొర్లించండి. తొక్క పూర్తిగా కోయొద్దు, చుట్టూ గీత పడితే చాలు. ఆ గీత దగ్గర వైరును వంచితే తొక్క దానంతట అదే విచ్చుకుంటుంది. పీవీసీకి ఇది చక్కగా పనిచేస్తుంది. బ్లేడు ఎప్పుడూ మీ వేళ్లకు దూరంగా కదలాలి.

రెండో దారి సోల్డరింగ్ ఐరన్. మొనను తొక్క చుట్టూ తిప్పి గీతలా కరిగించి, చల్లారకముందే లాగేయడం. రాగికి గాటు పడే ప్రశ్నే లేదు. కిటికీ తెరిచి చేయండి, తర్వాత మొనను తడి స్పాంజితో తుడిచి మళ్లీ సోల్డర్ పూయండి. లైటర్ మాత్రం వద్దు: పీవీసీ కాలితే ఘాటైన ఆమ్లపు పొగ వస్తుంది, రాగి నల్లబడి సోల్డర్ పట్టదు. పీజీ గదిలో అయితే స్మోక్ అలారం కంటే ముందు రూమ్‌మేట్ లేస్తాడు.

ఇయర్‌ఫోన్ వైరు, మోటారు చుట్టల వైరు

"తొక్క తీశాను, రాగి కనపడుతోంది, కానీ సోల్డర్ అంటడం లేదు, బీప్ రావడం లేదు" అనేవాళ్ల చేతిలో దాదాపు ఎప్పుడూ ఉండేది ఇయర్‌ఫోన్ వైరే. లోపలి సన్న పోగులు ఎర్రగా, ఆకుపచ్చగా, బంగారు రంగులో కనపడతాయి. అది రాగి రంగు కాదు, పోగు పోగుకూ పూసిన ఎనామెల్, అంటే కరెంటు పారనివ్వని పలుచటి పూత. దాన్ని తీసే గాడి ఏ స్ట్రిప్పర్‌లోనూ ఉండదు. పైతొడుగు మాత్రం స్ట్రిప్పర్‌తో తీసి, మధ్యలో నైలాన్ దారం ఉంటే కత్తిరించేసి, ఐరన్‌ను 390, 400 డిగ్రీల దాకా పెంచి, మొన మీద సోల్డర్ బొట్టు పెట్టుకుని పోగుల చివరను అందులో రెండు మూడు సెకన్లు ముంచండి. పూత కరిగి చివర వెండి రంగులోకి మారాలి. మారకపోతే ఫ్లక్స్ రాసి మళ్లీ ఒకసారి చేయండి. అప్పటికీ మారకపోతే అది వేడికి లొంగని రకం ఎనామెల్, మోటారు చుట్టల్లో ఎక్కువగా కనపడేది: సన్న ఎమెరీ పేపరు మడిచి, పోగును మధ్యలో పెట్టి, రంగు పోయేదాకా మెల్లగా రుద్దండి. మల్టీమీటర్ బీప్ కొట్టాకే సోల్డర్‌కి వెళ్లండి.